మడత విప్పని దుప్పట్లు

ఆస్పత్రిలో ఆమెను అందరూ ఆరాలక్క అనేవారు. అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఎక్కడా వినబడేది కాదు. ఆరాలు తీయకపోతే ఆమెకు ఊపిరాడదు. లిఫ్టు ఎందుకు ఆగిపోయింది, కొత్త డాక్టరు ఎడమ కాలు ఎందుకు ఈడుస్తాడు, క్యాంటీన్‌లో టీ ఇవాళ ఎందుకు పలచబడింది, ఇవన్నీ ఆమెకు కావాలి. తెలుసుకుని ఏం చేస్తుందంటే ఏమీ చేయదు. ఒకరి మాట ఇంకొకరికి మోసే రకం కూడా కాదు. తెలిస్తే ఆ పూట తిండి సహిస్తుంది, అంతే.

చదువు ఎనిమిదో తరగతిలో ఆగిపోయింది గానీ, లేకపోతే పోలీసో పత్రికా విలేకరో అయ్యుండేదని ఆమె భర్త అంటుండేవాడు. ఆయన ఇంట్లోనే మిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫాంలు కుట్టే దర్జీ. మాట తక్కువ మనిషి. ఆయన వాటా మాటలు కూడా ఆమే మాట్లాడేసేది.

ఆమె పని సెల్లారులోని లాండ్రీలో. ఐదంతస్తుల ఆస్పత్రిలో రోగులు పరుచుకున్నవీ కప్పుకున్నవీ మూటలు కట్టి ట్రాలీల మీద దించితే, వాటిని విప్పి వేరుచేయడం ఆమె వంతు. రక్తం మరకలవి ఒక కుప్ప, మలమూత్రాలవి ఒక కుప్ప, ఊరికే మాసినవి ఇంకో కుప్ప. ఆ మూటల్లో చెంచాలు దొరికేవి, థర్మామీటర్లు దొరికేవి, ఒకసారైతే పైవరుస కట్టుడుపళ్ళు మొత్తం దొరికాయి. వాటి కోసం ఒక ముసలాయన రెండు రోజులుగా వార్డంతా తగాదా పెట్టుకుంటున్నాడని తెలిసి, తనే కడిగి పైకి తీసుకెళ్ళింది. ఆయన పెట్టుకుని బిస్కట్టు కొరికి చూపించేదాకా అక్కడినుంచి కదల్లేదు. సూదులూ దొరికేవి. అవి కంటికంటే ముందు వేళ్ళకు దొరికేవి, ఎందుకంటే వారానికి ఒక్క జత గ్లవుజులే ఇచ్చేవారు, బుధవారానికల్లా అవి చిల్లులు పడేవి.

పదమూడేళ్ళుగా ఇదే పని కావడంతో దుప్పటిని చూస్తే దానిమీద పడుకున్న మనిషి ఆమెకు తెలిసిపోయేవాడు. తలగడ గలీబు మీద జిడ్డు ఎటు ఉందో చూసి, ఏ పక్కకు తిరిగి పడుకుంటాడో చెప్పేది. మడమల దగ్గర నలిగి ఉంటే నొప్పికి కాళ్ళు రాసుకున్న మనిషి. ఒక పక్క అంచు మాత్రమే నలిగి ఉంటే, పక్కన కూర్చున్న పెళ్ళామో తల్లో ఆ అంచు పట్టుకుని గంటలు గడిపిందన్నమాట. ఇలాంటివి కనిపెట్టినప్పుడు ఆమెకు ఎవరితోనైనా చెప్పాలనిపించేది, వాషింగ్ మిషన్ల హోరులో ఎవరికీ వినబడేది కాదు.

పదమూడేళ్ళన్నది ఆమె లెక్క. కాగితాల్లో ఆమె ఎప్పుడూ కొత్త మనిషే. పనివాళ్ళెవరూ ఆస్పత్రి మనుషులు కారు, ఒక ఏజెన్సీ మనుషులు. ఆ ఏజెన్సీ పదకొండు నెలలకోసారి అందరినీ వారం రోజులు ఇంటికి పంపి, మళ్ళీ కొత్తగా చేర్చుకునేది. అలా చేస్తే ఎవరినీ పర్మినెంటు చేయక్కర్లేదు. పన్నెండు గంటలు పనిచేసి ఎనిమిది గంటలకు సంతకం పెట్టడం కూడా చెప్పులు వేసుకున్నంత మామూలుగా జరిగిపోయేది. చేరిన ప్రతిసారీ ఏజెన్సీ సూపర్‌వైజరు అందరి ఆరోగ్య కార్డులూ తీసుకుని, ఫొటోలు తీయించి, వేలిముద్రలు వేయించుకుని, వారం తర్వాత తిరిగి ఇచ్చేవాడు. ఆ కార్డు ఉంటే పేదవాళ్ళకు ఏ ఆపరేషన్ అయినా సర్కారు ఖర్చుతో జరుగుతుంది. అది ఏజెన్సీకి ఎందుకని ఆరాలక్క ఒక్కతే అడిగింది.

"మీ మంచికేనమ్మా" అన్నాడు సూపర్‌వైజరు.

అంత మంచి జవాబు వచ్చాక ఇంకేం అడుగుతుంది?

ఆ ఏడు వానలు మొదలయ్యాక మూడో అంతస్తు మూటలు ఆమెకు మనశ్శాంతి లేకుండా చేశాయి. అక్కడ ఆపరేషన్ అయినవాళ్ళ కోసం కొత్త వార్డు తెరిచారు. రోజూ ముప్పై దుప్పట్లు దిగేవి, ముప్పైకీ అయోడిన్ మరకలు. కానీ ఒక్క గలీబుకైనా జిడ్డు లేదు, ఒక్క వెంట్రుక అంటుకుని లేదు. ముప్పై మందీ బోడిగుండ్లవాళ్ళేనా అని మొదట అనుకుంది. తర్వాత మరకల సంగతి చూసింది. ఒక్కో దుప్పటికి నాలుగు మరకలు, నాలుగూ ఒకే ఆకారం. ఒకటి ముదురు, తర్వాతది కాస్త లేత, ఇంకోటి మరీ లేత, నాలుగోది టీ చుక్క పడినట్టు. దుప్పటిని బల్లమీద పరిచి, ఇస్త్రీ గీతల మీదుగానే మళ్ళీ నాలుగు మడతలు వేసింది. నాలుగు మరకలూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయి. అంటే దుప్పటి మడతలో ఉండగానే పైన అయోడిన్ పోశారు. మడత విప్పని దుప్పటి మీద మనిషి ఎలా పడుకుంటాడు?

ట్రాలీ తోసే ఆయన్ని అడిగితే నీళ్ళు నమిలాడు. ఇంటికెళ్ళి భర్తకు చెప్తే, ఆయన మిషను ఆపకుండానే "నీకెందుకే ఆ గొడవ" అన్నాడు.

"గొడవ కాదు, తెలుసుకుందామని" అంది.

ఈలోగా ఆమె ఒంట్లోనే ఒక గొడవ బయల్దేరింది. కుడి డొక్కలో నొప్పి. తిన్న గంటకు మొదలై వీపులోకి పాకి, మనిషిని రెండుగా వంచేసేది. బయట స్కానింగు తీయిస్తే పిత్తాశయం నిండా రాళ్ళున్నాయన్నారు. డాక్టరుకు చూపించుకోవడానికి ఒక పూట సెలవు అడిగితే, స్కానింగు కాగితం జిరాక్సు ఇచ్చి వెళ్ళమన్నాడు సూపర్‌వైజరు. ఇచ్చి వెళ్ళింది. సర్కారు క్లినిక్ డాక్టరమ్మ కాగితం చూసి, పొట్ట నొక్కి చూసి, ముఖం గంభీరంగా పెట్టింది.

"ఈసారి నొప్పితో పాటు జ్వరం వచ్చిందంటే లోపల చీము పట్టినట్టే. ప్రాణం మీదికి వస్తుందమ్మా. నెల దాటనివ్వకుండా తీయించేసుకో. కార్డుందిగా, మీ ఆస్పత్రిలోనే చేస్తారు" అని చీటీ రాసిచ్చింది.

వారం తర్వాత ఆ చీటీ, కార్డు పట్టుకుని ఆరాలక్క తన ఆస్పత్రిలోనే కార్డుల కౌంటరు దగ్గర నిలబడింది. అక్కడి గుమాస్తా ఇంకెక్కడో రిటైరై, ఇక్కడ చేరి నాలుగు రోజులైన పెద్దాయన. కార్డు నంబరు కొట్టి, కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశాడు.

"ఈ ఆపరేషన్ మీకు అయిపోయిందిగా అమ్మా."

"ఎవరికి?"

"మీకే. నాలుగు రోజులైంది. ఇదిగో ఫొటో." స్క్రీను ఇటు తిప్పాడు. ఏజెన్సీవాళ్ళు తీయించిన ఫొటోనే. పక్కనే ఆమె స్కానింగు కాగితం కూడా ఉంది.

"నాకు తెలీకుండా ఎలా అవుతుందండీ?"

"మత్తు ఇస్తారు కదమ్మా" అన్నాడు ఆయన, చాలా ఓపిగ్గా.

"సరే. ఇప్పుడు నేనెక్కడున్నాను?"

"మూడో అంతస్తు, తొమ్మిదో నంబరు మంచం. ఇంకా డిశ్చార్జి కాలేదు. అసలు మీరిలా లేచి తిరగకూడదమ్మా" అన్నాడు ఆయన. పాపం, మనిషి కంటే స్క్రీను మీద గురి ఎక్కువ.

ఇంకొకరైతే అక్కడే కూలబడేవారు, లేదా కౌంటరు అద్దం పగిలేలా అరిచేవారు. ఆరాలక్కకు భయం వేసింది, ఒళ్ళూ మండింది. కానీ ఆ రెండిటికంటే ముందు, వెళ్ళి తనను తాను చూసి రావాలనిపించింది. సెల్లారుకు దిగి ఉతికిన దుప్పట్లు పది చేతుల మీద పేర్చుకుంది. చేతిలో ఉతికిన దుప్పట్లుంటే ఆస్పత్రిలో ఏ తలుపూ అడ్డం కాదని ఆమెకు తెలుసు. డొక్క పట్టేస్తున్నా మెట్లెక్కి మూడో అంతస్తుకు వెళ్ళింది.

వార్డులో ముప్పై మంచాలున్నాయి, ఒక్కదానిమీదా మనిషి లేడు. ఫ్యాన్లు మాత్రం బుద్ధిగా తిరుగుతున్నాయి. ప్రతి మంచం కాళ్ళవైపు ఒక కేస్ షీటు వేలాడుతోంది. తొమ్మిదో మంచం దగ్గరికి వెళ్ళి తన కేస్ షీటు కూడబలుక్కుని చదివింది. కోత జానెడు, కుట్లు పద్నాలుగు. పొద్దున జ్వరం లేదు. రోగి గంజి తాగింది. వరండాలో నడిపించాము. తను ఇంత బాగా కోలుకుంటున్నందుకు ఆమెకు ఒక్క క్షణం సంతోషం కూడా కలిగింది.

వార్డు చివర బల్ల దగ్గర ఒక నర్సు నిలబడి ఉంది. పాతికేళ్ళుంటాయేమో, బాగా చిక్కిన మనిషి. ముందు మడతపెట్టిన దుప్పట్ల దొంతర, చేతిలో అయోడిన్ సీసా. ఆరాలక్కను చూసి కొయ్యబారిపోయింది.

"మడత విప్పి పోయాలమ్మా. లేకపోతే నాలుగుచోట్ల పడుతుంది" అంది ఆరాలక్క.

నర్సు సీసా బల్లమీద పెట్టి, పక్కనున్న ఖాళీ మంచం మీద కూర్చుని ఏడ్చేసింది. ఆరాలక్క పక్కనే కూర్చుని ఏడుపు అయ్యేదాకా ఆగింది. తర్వాత ఒక్కొక్కటే అడిగింది.

"దుప్పట్లు మాయకుండా ఉంటే వార్డు ఖాళీ అని తెలిసిపోతుందట అక్కా. అందుకని ఇలా చేయమన్నారు. ఈ కేస్ షీట్లన్నీ నేనే రాస్తాను. పొద్దుటినుంచీ లేని మనుషుల జ్వరాలు చూస్తూ ఉంటాను."

"మానెయ్యొచ్చుగా?"

"నా సర్టిఫికెట్లన్నీ వీళ్ళ బీరువాలో ఉన్నాయి. ఐదేళ్ళ బాండు రాయించుకున్నారు. మానేస్తే ఇవ్వరు, అవి లేకుండా ఇంకెవరూ నర్సుగా తీసుకోరు. సెలవు అడిగినా సరే, బీరువా వైపు చూస్తారు. పన్నెండుమందిమి ఉన్నాం అలా."

"మరి ఆ తొమ్మిదో మంచానికి నా పేరు ఎవరు రాయించారు?"

"ఏజెన్సీవాళ్ళ కార్డులు వరసగా వస్తాయి. మీదానికి నిజం స్కానింగు కూడా దొరికిందని ముందు పెట్టారు." అప్పటికి గానీ నర్సుకు ఒక సంగతి తట్టలేదు. "అక్కా, మీకు నిజంగానే రాళ్ళున్నాయా?"

"ఉన్నాయి. అవి తీయించుకుందామనే కింద కౌంటరుకెళ్ళాను" అంది ఆరాలక్క. నర్సు మళ్ళీ ఏడుపు అందుకుంది.

మర్నాడు భోజనాల వేళ ఆరాలక్క ఏజెన్సీ మనుషులను కౌంటరు దగ్గరికి పంపి, ఎవరి కార్డు వాళ్ళను చూపించుకోమంది. గుమాస్తా అందరికీ ఓపిగ్గా చదివి వినిపించాడు. లిఫ్టు ఆపరేటరుకు మోకాళ్ళు రెండూ మార్చారట. వాచ్‌మన్‌కు మూడు కళ్ళకు శుక్లాలు తీశారట. తోటమాలికి గర్భసంచి తీసేశారట. తోటమాలి మీసం దువ్వుకుంటూ "ఇక పిల్లలు పుట్టరన్నమాట" అంటే అందరూ పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు. ఆరాలక్క కూడా డొక్క నొక్కుకుని మరీ నవ్వింది. నవ్వు అయ్యాక ఎవరూ ఎవరి ముఖమూ చూసుకోలేదు.

"నవ్వుకోవడం వరకే అక్కా" అన్నాడు వాచ్‌మన్. "నోరు తెరిస్తే పదకొండు నెలలు కూడా ఆగరు, రేపే ఇంటికి పంపుతారు."

సూపర్‌వైజరు చెవిన ఎలా పడిందో గానీ, సాయంత్రం పిలిపించాడు. పదమూడేళ్ళలో మొదటిసారి ఆమెను కుర్చీలో కూర్చోమన్నాడు.

"రేపు సర్కారు ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడమ్మా. మంచానికి ఒకరిని పడుకోబెడుతున్నాం. నీ మంచం మీద నువ్వే పడుకో. గంట సేపు. ఆ తర్వాత నీ ఆపరేషన్ సంగతి నాకు వదిలెయ్."

"కార్డు అయిపోయింది కదా సార్, ఎలా చేస్తారు?"

"మీ తోడికోడలో ఎవరో ఉంటుందిగా, ఆవిడ కార్డు పట్టుకురా. పేరు ఆవిడది, పొట్ట నీది. కంప్యూటరుకు పొట్టలు తెలీవుగా?"

"దాని కార్డు మీద నా రాళ్ళు తీస్తే, రేపు దానికి రాళ్ళొస్తే ఎవరి కార్డు వెతకాలి సార్?"

"అప్పటి సంగతి అప్పుడు చూద్దాం."

"పడుకోనంటే?"

"నీ ఇష్టం" అన్నాడు ఆయన, కాగితాలు సర్దుకుంటూ. "ఉద్యోగమూ ఉండదు, ఆపరేషనూ ఉండదు. నొప్పి మాత్రం ఉంటుంది."

ఇంటికొచ్చి చెప్తే భర్త మిషను ఆపాడు. ఆమె మాటకు ఆయన మిషను ఆపడం అదే మొదలు. "వెళ్ళి పడుకుని రావే. గంటే కదా. నువ్వు లేకపోతే ఈ ఇంట్లో మాట్లాడే దిక్కెవరు నాకు?" అన్నాడు. ఆమెకు కళ్ళు నిండిపోయాయి. పక్క వీధిలో ఉన్న తోడికోడలిని అడిగితే, పెట్టె తెరిచి కార్డు తెచ్చి చేతిలో పెట్టింది. ఎందుకక్కా అని కూడా అడగలేదు. ఆ అడగకపోవడమే ఆరాలక్కకు గుచ్చుకుంది. ఒక్క ప్రశ్న వేసినా బాగుండునని దారంతా అనుకుంది. అయినా పడుకునే తీరాలని నిశ్చయించుకుంది, బతకాలని ఎవరికుండదు?

మర్నాడు పదిగంటలకల్లా మూడో అంతస్తు నిండిపోయింది. వాచ్‌మన్‌కు మూడో కన్ను ఎక్కడుందో ఎవరికీ తెలియక రెండు కళ్ళకే కట్టు కట్టారు. తోటమాలిని మాత్రం పంపుషెడ్డులో దాచారు. తొమ్మిదో మంచం మీద ఆరాలక్క, జాకెట్టులో తోడికోడలి కార్డుతో, గోడవైపు చూస్తూ పడుకుంది. నర్సు ఫైలు పట్టుకుని నిలబడితే, ఆఫీసరు ఒక్కో మంచం దగ్గర ముఖం చూసి, ఫొటో చూసి, టిక్కు పెట్టుకుంటూ వస్తున్నాడు. వెనకాల సూపర్‌వైజరు. ముఖాలన్నీ ఫొటోలతో కలుస్తున్నాయి. కలవక ఏమవుతాయి, అందరూ వాళ్ళే కదా!

"ఆపరేషన్ బాగా జరిగిందామ్మా?" అని అడిగాడు ఆఫీసరు.

'ఆ' అంటే చాలు. అనడానికే నోరు తెరిచింది. కానీ ఆయన అప్పటికే టిక్కు పెట్టేసి పదో మంచం వైపు తిరిగాడు. బతుకులో ఆమె ఎన్నో సర్దుకుంది, గానీ ఒక మనిషి ప్రశ్న అడిగి జవాబు వినకుండా పోవడం మాత్రం ఎన్నడూ ఓర్చుకోలేదు. అది ఆమె దృష్టిలో బూతు మాట కంటే అన్యాయం.

"ఆగండి సార్. అడిగారుగా, విని పొండి."

లేచి కూర్చుని, దుప్పటి తీసేసి, కుడి డొక్క మీదనుంచి చీర పక్కకు జరిపింది.

"ఎక్కడ కోశారో తెలుసుకోవాలని నాకూ ఉంది. మీరు చదువుకున్నవాళ్ళు, కాస్త చూసి చెప్పండి."

ఆఫీసరు చూశాడు. కాగితంలో జానెడు కోత, పద్నాలుగు కుట్లు. ఎదురుగా గీత కూడా లేని పొట్ట.

"మత్తు ఇంకా దిగలేదు సార్ ఈవిడకి" అన్నాడు సూపర్‌వైజరు.

"ఆరు రోజుల కిందటి ఆపరేషన్ అని రాశారు కదయ్యా" అన్నాడు ఆఫీసరు. మళ్ళీ ఆమెవైపు తిరిగి, "నువ్వెవరమ్మా?" అన్నాడు. ఈసారి జవాబు కోసం ఆగాడు.

"కాగితంలో ఉన్న మనిషిని నేనే సార్. పేరు నాది, ఫొటో నాది, వేలిముద్ర నాది. రాళ్ళు కూడా నావే, ఇంకా లోపలే ఉన్నాయి. ఆపరేషన్ ఒక్కటే నాది కాదు."

"ఈ కేస్ షీటు ఎవరు రాశారు?"

ఆరాలక్క నోరు బిగబట్టింది. తెలిసి కూడా ఆమె చెప్పని జవాబు అదొక్కటే.  నర్సు ఫైలు మూసింది.

"నేనే రాశాను సార్" అంది నర్సు. "ఆఫీసు గదిలో బీరువా తెరిపించండి, ఎందుకు రాశానో మీకే తెలుస్తుంది."

వాచ్‌మన్ కళ్ళకట్టు విప్పుకుని లేచి కూర్చున్నాడు. తర్వాత లిఫ్టు ఆపరేటరు మోకాళ్ళ కట్లు విప్పాడు. ఆ తర్వాత ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

మూడో అంతస్తుకు సీలు వేశారు. పన్నెండుమంది నర్సులకూ సర్టిఫికెట్లు చేతికొచ్చాయి. సూపర్‌వైజరు కొన్నాళ్ళు కనబడకుండా పోయి, తర్వాత ఇంకో ఆస్పత్రిలో అలాంటి కుర్చీలోనే తేలాడు. అతని పైవాళ్ళ పేర్లు ఎక్కడా బయటికి రాలేదు. ఆరాలక్కను మళ్ళీ పనికి పిలవలేదు. అన్నిటికంటే దారుణం, విచారణ తేలేదాకా ఆ కార్డులన్నీ సాక్ష్యం కింద నిలిపేశారు. నిజం చెప్పిన మనిషికి దక్కిన బహుమానం ఇది! తలుచుకుంటే ఇప్పటికీ రక్తం ఉడుకుతుంది. తోడికోడలి కార్డును మాత్రం ఆమె ఆ రోజే తిరిగి ఇచ్చేసి, కూర్చోబెట్టి సంగతంతా చెప్పింది.

మూడో వారంలో నొప్పితో పాటు జ్వరం వచ్చింది. భర్త కుట్టు వదిలేసి ఆమెను ఊరవతల పాత సర్కారు ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ కార్డు అక్కర్లేదు, వరుసలో నిలబడే ఓపిక ఉండాలి. కొత్త ఉద్యోగం వెతుక్కుంటున్న ఆ నర్సు తెల్లవారకముందే వచ్చి ఆమె బదులు వరుసలో నిలబడింది. మధ్యాహ్నానికి లోపలికి తీసుకున్నారు. ఇంకో పూట ఆలస్యమైతే చేయి దాటిపోయేదని పెద్ద డాక్టరు గట్టిగా కేకలేశాడు, ఆ కేకలు పాపం ఆమె భర్తే పడ్డాడు.

ఆపరేషన్ గది బయట, స్ట్రెచరు మీద పడుకున్న ఆమె దగ్గరికి చిన్న డాక్టరమ్మ ఒక ఫారం పట్టుకుని వచ్చింది. షుగరుందా, మందులేవైనా పడవా, పళ్ళేమైనా కదులుతున్నాయా అని వరసగా అడిగి రాసుకుంది. ఆరాలక్క పళ్ళు పటపటలాడే చలిజ్వరంలోనూ అన్నిటికీ జవాబు చెప్పింది.

"ఇంతకుముందు ఆపరేషన్లేమైనా అయ్యాయామ్మా?"

"ఒకటయింది డాక్టరమ్మా, ఇదే ఆపరేషన్" అంది ఆరాలక్క. "అప్పుడు నేను లేను."